అకాల మరణం – అభిమాని కన్నీరు: ఒక పరిశీలన

నడివయసు దాటకముందే ఒక నటుడో, నటీమణో, గాయకుడో మరణించినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి పట్టణాలలో జరిగే తంతు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. వార్త తెలిసిన కొద్ది గంటలకే కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. చిత్రపటానికి పూలదండ పడుతుంది. పొద్దుగూకిన తరువాత కొవ్వొత్తులు వెలుగుతాయి. ఆ రాత్రి టీ అంగళ్ల వద్ద ఆ మనిషి పాటలే వినిపిస్తాయి. మరునాడు పత్రికల జిల్లా పేజీలో అభిమాన సంఘం వారి ఫొటో పడుతుంది. మూడవ నాటికి అంతా సద్దుమణుగుతుంది.

దీనిని చూసి పెద్దలలో కొందరు ఈసడిస్తారు. కన్నతండ్రి పోయినా ఇంతగా ఏడవరు కదా అని ఎత్తిపొడుస్తారు. ధార్మికులలో కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, సినిమా మనిషి కోసం ముస్లిం యువకుడు కంటతడి పెట్టడమే తప్పని తేల్చివేస్తారు. మరొక వైపు అభిమానులు తమ శోకాన్ని ప్రశ్నించడమే చనిపోయినవారికి అవమానమని భావిస్తారు. ఈ రెండు వైఖరులలోనూ పరిశీలన లేదు. ఈసడింపు విమర్శ కాదు, హడావుడి నివాళి కాదు.

దుఃఖం మనసులో ఉన్నంతసేపు అది దుఃఖించేవాని సొంతం. పద్యంగానో, పాటగానో, ఫ్లెక్సీ మీది వాక్యంగానో, ఊరేగింపుగానో నలుగురి మధ్యకు వచ్చినప్పుడు అది ఒక రచన అవుతుంది. రచన అయినదేదైనా విమర్శకు లోబడవలసిందే. తెలుగునాట తారల అకాల మరణాల చుట్టూ అల్లుకుంటున్న ఈ రచనను అరబ్బీ, ఉర్దూ, తెలుగు శోకసాహిత్యాల పక్కన నిలిపి చూస్తే దాని బలమూ, లోపమూ రెండూ తేటపడతాయి.

బంధువు కానివారి కోసం

2004 ఏప్రిల్ 17న బెంగుళూరులోని జక్కూరు విమానాశ్రయం నుండి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న విమానం నేల విడిచిన కొద్దిసేపటికే కూలిపోయింది. నటి సౌందర్య, ఆమె అన్న అమరనాథ్, మరి ఇద్దరు ఆ ప్రమాదంలో మరణించారు. ముప్ఫయ్యవ పడి అప్పుడే దాటిన వయసు ఆమెది. నల్లమల అంచు పల్లెలలో ఆమెను కళ్లారా చూసినవారెందరు? అయినా ఇంటి ఆడపడుచు పోయినట్టు ఎందరో తల్లులు కళ్లొత్తుకున్నారు. ఈ కన్నీటిని ఏమనాలి?

కన్నీరు తప్పు కాదన్న విషయంలో ఇస్లామీయ సంప్రదాయం స్పష్టంగానే ఉంది. పసివాడైన ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) కళ్లు చెమర్చాయి. అది చూసి ఒక సహాబీ ఆశ్చర్యపడగా, ఇది కారుణ్యమని ప్రవక్త (స) తెలిపారు. కన్ను తడుస్తుంది, గుండె బరువెక్కుతుంది, నోరు మాత్రం ప్రభువుకు నచ్చని మాట పలకరాదన్నది ఆనాటి బోధ సారాంశం. కంటికి అనుమతి ఉంది, నోటికి హద్దు ఉంది. ఈ హద్దు గురించే విమర్శకుడు మాట్లాడవలసి ఉంది.

అయితే ఇబ్రాహీం కన్నకొడుకు. తార ఎవరికేమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి అరబ్బీ సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమైన ఒక ఉదంతం తోడ్పడుతుంది. ముతమ్మిమ్ బిన్ నువైరా అనే కవి తన సోదరుడు మాలిక్ మరణంపై చెప్పిన శోకగీతాలు అరబ్బు దేశమంతటా వ్యాపించాయి. హజ్రత్ ఉమర్ (రజి) సోదరుడు జైద్ (రజి) యమామా యుద్ధంలో అమరుడయ్యారు. తనకు కవిత్వం వచ్చి ఉంటే తన సోదరుని గురించి కూడా ఇలాగే చెప్పి ఉండేవాడినని ఉమర్ (రజి) ఆ కవితో అన్నారట. ఆ పిదప ముతమ్మిమ్ జైద్ (రజి) మీద కూడా ఒక గీతం చెప్పాడు. అది మాలిక్ గీతాలకు సాటి రాలేదు. కారణమడిగితే, మాలిక్ కోసం తనలో కదిలేది జైద్ కోసం కదలడం లేదని ఉన్నమాట చెప్పాడు.

శోకం అరువుకు దొరకదని ఆ కవికి తెలుసు. ఖలీఫా కోరినంత మాత్రాన అది రాలేదు. మరి అభిమాని శోకం అరువు తెచ్చుకున్నదేనా? కాదు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి నేల టికెట్టు కొని చూసిన మొదటి సినిమా, అక్క పెళ్లి మండపంలో మోగిన పాట, పరీక్ష తప్పిన రోజున సేద తీర్చిన హాస్యం – ఇవన్నీ ఆ తారతో పాటు అభిమాని బ్రతుకులోకి వచ్చినవే. తార పోయినప్పుడు అతడు తన బ్రతుకులోని ఆ భాగం కోసం ఏడుస్తున్నాడు. ఆ కన్నీరు నిజమైనదే. కాని అందులో సగం తన కోసమే. ఈ సంగతి అతనికి తెలిస్తే చిక్కు లేదు. తెలియనప్పుడే శోకరచనలో లోపాలు మొదలవుతాయి. చనిపోయినవారు వెనక్కు జరిగి, దుఃఖించేవాడు ముందుకు వస్తాడు.

సూర్యుడు ఎవరి కోసమూ ఆగడు

ఫ్లెక్సీల భాష ఒకసారి చూడాలి. సూర్యుడు అస్తమించాడంటారు. నింగి కన్నీరు కార్చిందంటారు. ఆనాడు నాలుగు చినుకులు పడితే ప్రకృతి విలపించిందని రాస్తారు. సినీ ఆకాశంలో ధ్రువతార అయ్యారంటారు. తీరని లోటు అన్నది తప్పనిసరి ముక్తాయింపు.

ఈ అతిశయోక్తులను తూచడానికి హదీసు గ్రంథాలలోనే ఒక కొలబద్ద ఉంది. ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికే సూర్యుడు చీకటిపడ్డాడని జనం అనుకున్నారు. కొడుకును పోగొట్టుకున్న తండ్రికి అంతకు మించిన ఓదార్పు మాట ఉంటుందా? మౌనంగా ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ప్రవక్త (స) మౌనం వహించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని ప్రకటించి జనాన్ని నమాజు వైపు మళ్లించారు.

ఇది విశ్వాసానికి సంబంధించిన బోధ అన్నది విదితమే. సాహిత్యానికి కూడా ఇందులో ఒక పాఠం ఉంది. చనిపోయినవారి గురించి అబద్ధం చెబితే వారు గొప్పవారు కారు, కనబడకుండా పోతారు. సూర్యుడంతటివాడు అన్నప్పుడు సూర్యుడే కనబడతాడు, మనిషి కనబడడు. సౌందర్య కోసం రాసిన వాక్యంలో పేరు మార్చి ఉదయ్‌కిరణ్ కోసం వాడుకోవచ్చు. మరొక పేరు పెట్టి 2023 ఫిబ్రవరి 18న ముప్ఫయి తొమ్మిదవ ఏట మరణించిన నందమూరి తారకరత్న కోసమూ వాడుకోవచ్చు. పేరు మార్చితే ఎవరికైనా సరిపోయే శోకవాక్యం ఎవరికీ చెందదు.

మరొక వాడుక మరణాన్నే కాదనడం. నీకు మరణం లేదు, నీవు లేవంటే నమ్మం అనే మాటలు ఈ కోవలోనివి. వీటిని చూసి నవ్వే ముందు ఒక విషయం గుర్తుచేసుకోవాలి. దైవప్రవక్త (స) పరమపదించిన రోజున హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే ఆ మాటను ఒప్పుకోలేకపోయారు. ప్రవక్త మరణించలేదని, తిరిగి వస్తారని గట్టిగా వాదించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి, ముహమ్మద్ (స)ను ఆరాధించినవారుంటే ఆయన మరణించారని వారు తెలుసుకోవాలని, అల్లాహ్‌ను ఆరాధించేవారికి ఆయన నిత్యజీవి అని చెప్పి ఖుర్ఆన్ వాక్యం వినిపించారు. అది విన్న ఉమర్ (రజి)కి కాళ్లలో సత్తువ పోయింది. నమ్మలేకపోవడం మనిషి సహజ గుణం. కాని అక్కడ నిజం చెప్పేవారు ఒకరుండాలి. శోకరచన మొదటి కర్తవ్యం అదే: మరణించారని చెప్పడం.

ఏడుపు చివరిది

నిజం చెప్పిన తరువాత ఏమి చెప్పాలి? ఉర్దూ మర్సియా దీనికి ఒక క్రమాన్ని ఏర్పరచింది. లక్నో కవులు మీర్ అనీస్ (మరణం 1874), మీర్జా దబీర్ (మరణం 1875) కర్బలా వీరగాథను ఆరు పాదాల ముసద్దస్‌లలో నడిపారు. అందులో మొదట చెహ్రా, అంటే ఉపోద్ఘాతం. పిదప సరాపా, వీరుని రూపవర్ణన. ఆ తరువాత రుఖ్సత్, ఇంటివారి వద్ద సెలవు తీసుకోవడం. ఆమద్, రణరంగానికి రావడం. రజజ్, తన వంశాన్నీ పక్షాన్నీ చాటుకోవడం. జంగ్, పోరు. షహాదత్, వీరమరణం. అన్నిటి తరువాతనే బైన్, విలాపం. ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత గాని ఏడవడానికి అనుమతి లేదన్నమాట. హజ్రత్ అలీ అక్బర్, హజ్రత్ ఖాసిం వంటి నవయువకుల మరణాలను విని శ్రోతలు కన్నీరు పెట్టేటప్పటికి, ఆ యువకులెవరో, ఎవరి వద్ద సెలవు తీసుకున్నారో, దేని కోసం నిలబడ్డారో వారికి పూర్తిగా తెలిసి ఉంటుంది.

ఈ సంప్రదాయం తెలుగు పల్లెకు పరాయిది కాదు. పీర్ల చావడి, అగ్నిగుండం, పంజాల ఊరేగింపు, వాటి వెంట తెలుగులోనే సాగే పీర్ల పాటలు హిందూ ముస్లిములు ఇరువురూ ఎరిగినవే. ఈ ఆచారాలలో కొన్నిటిపై ఉలమాల అభ్యంతరాలు ఉన్నాయి, వాటి చర్చకు ఇది చోటు కాదు. సాహిత్య దృష్టితో ఒక్క సంగతి మాత్రం గమనార్హం. హిజ్రీ 61లో, అంటే 680లో, యూఫ్రటీసు ఒడ్డున జరిగిన మరణాలకు నీటి కరువు ఎరిగిన ఈ మెట్టప్రాంతపు రైతు కంటతడి పెట్టగలిగాడంటే, పాట అతనికి కథ చెప్పింది గనుకనే. దాహంతో మరణించినవారి కథ అతనికి వేరే వివరణ లేకుండానే అర్థమయింది.

మార్కాపురం నుండి గుంటూరు వెళ్లే రైలుదారిలోనే వినుకొండ ఉంది. అక్కడ 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువ శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకం ద్వారా తెలుగు పల్లెలన్నిటికీ చేరాయి. అక్షరం రాని శ్రోతలు కూడా వాటిని ఒన్స్‌మోర్ అడిగి పాడించుకున్నారు. ఆ పద్యాలలో మరణించినవారికి పేర్లు లేవు. కవి ఉన్నాడు, రాజు ఉన్నాడు, కొత్త ఇల్లాలు ఉంది, చిత్రకారుడు ఉన్నాడు. ఒక్కొక్కరినీ జాషువ వారి చేతిలోనో మెడలోనో ఉన్న వస్తువుతో గుర్తుచేశాడు. కలం, రాజముద్రిక, నల్లపూసలు, కుంచె. పేరు లేకపోయినా మనిషి కళ్లకు కట్టడానికి ఆ ఒక్క వస్తువు చాలింది.

ఇప్పుడు ఫ్లెక్సీని మళ్లీ చూడాలి. పైన మరణించినవారి నవ్వుతున్న ముఖం. దాని పక్కన స్థానిక నాయకుని ముఖం. కింద రెండు వరుసలలో అభిమాన సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, మిత్రబృందం, ఒక్కొక్కరి పేరు, కొన్నిచోట్ల ఫోన్ నంబరు. మరణించినవారు చేసిన పని ఒక్కటి కూడా ఉండదు. మర్సియాలో ఉన్న ఎనిమిది మెట్లలో ఏడు లేవు, ఉన్న ఒక్క విలాపంలో కూడా ఏడ్చేవారి జాబితాయే పెద్దది.

సౌందర్య విషయంలో చెప్పవలసినది లేకనా? 1995లో అమ్మోరు, 1996లో పవిత్రబంధం, 1998లో అంతఃపురం ఆమె నటనకు గుర్తులు. ఇవి అందరికీ తెలుసు. కాని ఆమె తన సొంత డబ్బు పెట్టి గిరీశ్ కాసరవళ్లి దర్శకత్వంలో కన్నడంలో ద్వీప అనే చిత్రం తీశారు. 2002 నాటి ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. ఆనకట్ట నీటిలో మునిగిపోతున్న ఊరిని విడిచి వెళ్లడానికి ఇష్టపడని ఒక కుటుంబం కథ అది. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమలసాగర్ జలాశయం కోసం ఇల్లూ పొలమూ వదులుకోవలసి వచ్చిన కుటుంబాలున్న ప్రాంతంలో, ఆమె స్మరణలో ఈ చిత్రం ప్రస్తావన రాకపోవడం చిన్న లోపం కాదు. ఆమె తన సంపాదన పెట్టి చెప్పించిన కథ ఇక్కడి వారిది కూడా. ఏడ్చినవారికి ఆ విషయం చెప్పినవారు లేకపోయారు.

దోషిని వెదికే శోకం

2014 జనవరి 5న హైదరాబాదులో ఉదయ్‌కిరణ్ ఆత్మహత్య చేసుకున్నప్పుడు ఆయన వయసు ముప్ఫయి మూడు. 2000లో చిత్రం, 2001లో నువ్వు నేను, మనసంతా నువ్వే సినిమాలు ఆయనను కాలేజీ కుర్రకారుకు ఆరాధ్యుణ్ణి చేశాయి. తరువాతి సంవత్సరాలలో అవకాశాలు సన్నగిల్లాయి. మరణవార్త వెలువడిన నాటి నుండి అభిమానుల శోకం ఒక్కటే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎవరు చంపారు? ఫలానా కుటుంబమని ఒకరు, ఫలానా నిర్మాతలని మరొకరు అన్నారు. రుజువుతో ఎవరికీ పని లేకపోయింది.

దీని వెనుక ఉన్న వేదన అర్థం కానిది కాదు. ముదుసలి మరణిస్తే కాలం తీరిందంటారు. యువకుడు మరణిస్తే ఆ మాట నోట రాదు గనుక కారణం కావాలి, కారణానికి ఒక ముఖం కావాలి. కాని అనుమానాలలో అధికభాగానికి దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో హెచ్చరించింది. దోషి దొరికాడనుకున్నాక శోకం ఆగిపోయి కక్ష మొదలవుతుంది. మరణించిన యువకుని ఒంటరితనం గురించి మాట్లాడడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఆత్మహత్య మహాపాపమనడంలో సందేహం లేదు. అయినప్పటికీ అలా మరణించిన ముస్లింకు జనాజా నమాజు చేయాలనే ఫిఖ్హ్ పండితులలో అత్యధికుల అభిప్రాయం. పాపాన్ని పాపమంటూనే మనిషి కోసం దుఆ చేయవచ్చునన్న ఆ సమతూకం సినిమా శోకంలో కరువైంది. ఒకవైపు ఆ చావును అందమైన త్యాగంగా చిత్రించడం, మరొక వైపు పిరికితనమని తీసిపారేయడం. ఈ రెండు మాటలూ అటువంటి వేదనలోనే ఉన్న మరొక యువకుని చెవిన పడతాయన్న స్పృహ రాసేవారికి ఉండాలి.

1981 డిసెంబరు 26న, యాభయ్యేళ్లు నిండకముందే, ఏడాదికి పైగా స్పృహ లేని స్థితిలో ఉండి మరణించిన సావిత్రి విషయంలో 2018లో వచ్చిన మహానటి చిత్రం దీనికంటే ఎంతో మెరుగైన శోకరచన. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో కీర్తి సురేశ్ నటించిన ఈ చిత్రం, ఆమె బ్రతికి ఉండగా పుట్టని తరం చేత కూడా కన్నీరు పెట్టించింది. కారణం స్పష్టమే. పిల్లగా ఆమె అల్లరి, పని మీద పట్టు, చేతికి ఎముక లేని దాతృత్వం, ప్రేమ, తాగుడు, పతనం – అన్నీ వరుసగా చూపి చివరనే విలపించింది. తెలిసో తెలియకో మర్సియా క్రమాన్నే పాటించింది. అయితే ఆ చిత్రం కూడా దోషిని వెదికే చోట తడబడింది. జెమినీ గణేశన్ పాత్రను చిత్రించిన తీరుపై ఆయన కుటుంబం నుండి అభ్యంతరం వచ్చింది. ఒకరిని ఎత్తడానికి మరొకరిని కుదించవలసిన అవసరం ఉత్తమ శోకకావ్యానికి ఉండదు.

అదే 2018 ఫిబ్రవరి 24న శ్రీదేవి దుబాయిలో మరణించినప్పుడు టీవీ చానెళ్లు స్నానపుతొట్టి బొమ్మలు వేసి చేసిన ప్రదర్శన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మయ్యిత్ లోపాలను కప్పిపెట్టమని చెప్పే సంప్రదాయంలో పెరిగినవారికి అది ఎంత హీనమో వేరే విప్పి చెప్పవలసిన పని లేదు.

ఏమి మిగిలింది?

ముఘలె ఆజం చిత్రంలో అనార్కలిగా కోట్లమందికి పరిచయమైన మధుబాల అసలు పేరు ముంతాజ్ జెహాన్ బేగం. గుండె జబ్బుతో 1969 ఫిబ్రవరి 23న ముప్ఫయి ఆరవ ఏట మరణించారు. బొంబాయి జుహూలోని ఖబరస్తాన్‌లో ఆమెకు చలువరాతి సమాధి కట్టారు. 2010లో కొత్త ఖననాలకు చోటు చాలక ఆ కట్టడాన్ని తొలగించారు. అదే ఖబరస్తాన్‌లో మహమ్మద్ రఫీ సమాధికీ అదే గతి పట్టింది. అభిమానులు బాధపడ్డారు. కాని ఖబరు మీద కట్టడం నిలవాలన్నది ఇస్లాం కోరిన విషయం కాదు. పాతవారి మట్టిలోనే కొత్తవారికి చోటు దొరుకుతుంది. రాయి పోయింది గనుక శోకం మరొక చోట నిలవాలి. ఎక్కడ నిలవాలన్నదే ప్రశ్న.

ఈజిప్టు గాయకుడు అబ్దుల్ హలీం హాఫిజ్ ఉదాహరణ ఇక్కడ చూడదగినది. 1977 మార్చి 30న ఆయన నలభై ఏడవ ఏట లండన్‌లో మరణించగా, కైరోలో జరిగిన జనాజాకు జనసముద్రం తరలివచ్చింది. కొందరు యువతులు ప్రాణాలు తీసుకున్నారని కూడా వార్తలు వచ్చాయి. అంటే అభిమానం హద్దు మీరడం ఒక మతానికో దేశానికో పరిమితమైన జబ్బు కాదు. 1926 ఆగస్టులో ముప్ఫయి ఒకటవ ఏట రుడాల్ఫ్ వాలెంటినో మరణించినప్పుడు న్యూయార్కు వీధులలో జరిగిన తొక్కిసలాట ఇందుకు మరొక నిదర్శనం. అబ్దుల్ హలీం ప్రాణం తీసినది బిల్హార్జియా. నైలు డెల్టా పల్లెలో చిన్ననాడు కాలువ నీటిలో అంటుకొని జీవితాంతం కాలేయాన్ని తినేసిన జబ్బు అది. ఈజిప్టు రైతుబిడ్డలు ఎందరికో అదే జబ్బు. గాయకుని కోసం ఏడ్చిన ప్రతివాడూ ఆ నీటి గురించి కూడా అడిగి ఉంటే ఆ శోకానికి ఒక పని దొరికేది. ఫ్లోరైడు నీటితో కాళ్లూ వేళ్లూ వంకరపోయినవారిని చూస్తున్న పశ్చిమ ప్రకాశం పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

శోకానికి పని దొరికిన ఉదాహరణ కూడా ఉంది. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ మరణించినప్పుడు బెంగుళూరులో హింస చెలరేగింది. బస్సులు తగలబడ్డాయి. ఒక కానిస్టేబులుతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2021 అక్టోబరు 29న ఆయన కుమారుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరవ ఏట గుండె ఆగి మరణించారు. తండ్రి మరణించినది నిండు వృద్ధాప్యంలో, కొడుకుది అకాల మరణం. కనుక అలజడి మరింత పెరుగుతుందని భయపడినవారున్నారు. కాని లక్షలాది జనం బారులు తీరి చూసి వెళ్లారు. తండ్రి వలెనే పునీత్ కూడా కళ్లు దానం చేశారు. ఆయన కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. ఆ తరువాతి వారాలలో కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు నమోదు చేసుకునేవారు వెల్లువెత్తారు. అవయవదానంపై ఫిఖ్హ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే మనిషి పోయిన తరువాత కూడా సాగే దానం, సదఖయె జారియా, అనే భావన ముస్లిం పాఠకులకు సుపరిచితం. పదిహేనేళ్ల వ్యవధిలో ఒకే నగరం, ఒకే కుటుంబం, రెండు శోకాలు. మరణించినవారు చేసిన పనిని గుర్తించిన చోట జనం ఆ పనినే అందుకున్నారు.

అభిమాని మరణిస్తే

ఆ రెండవ శోకంలో సైతం దుఃఖం ఆపుకోలేక ప్రాణాలు పోగొట్టుకున్న అభిమానులున్నారని వార్తలు వచ్చాయి. ఇంతవరకు తార అకాల మరణం గురించి చెప్పుకున్నాం. తార చుట్టూ జరిగే అభిమాని అకాల మరణం గురించి చెప్పుకొనేవారు తక్కువ. 1987 డిసెంబరు 24న ఎం.జి. రామచంద్రన్ మరణించినప్పుడు తమిళనాట నిప్పంటించుకున్నవారున్నారు. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించిన తరువాత, ఆ వార్త తట్టుకోలేక మరణించినవారి ఇళ్లకు ఓదార్పు యాత్ర పేరిట పరామర్శ జరిగింది. రాజకీయాలు ఎలా ఉన్నా, దుఃఖించి పోయినవాని ఇంటి తలుపు తట్టాలన్న ఆలోచన గమనించదగినది. సినిమా ప్రపంచంలో అది అరుదు.

ఫ్లెక్సీ కట్టడమే ప్రాణాంతకమైన సందర్భాలు కూడా ఉన్నాయి. 2020 సెప్టెంబరు ఆరంభంలో చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో ఒక నటుని పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ విద్యుదాఘాతానికి ముగ్గురు యువకులు మరణించారు. 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో మరొక నటుని పుట్టినరోజున అదే విధంగా మరో ముగ్గురు. అవి పుట్టినరోజులే గాని సంతాప సభలు కావు. కాని ఇనుప చట్రం అదే, పైనున్న తీగ అదే, ఎక్కే కుర్రవాని వయసు అదే. వారికి ఏ కూడలిలో కొవ్వొత్తులు వెలిగాయి? ఏ ధ్రువతారలతో వారిని పోల్చారు?

కనుక అభిమాని కన్నీటిని తుడిచివేయమని చెప్పడం ఈ పరిశీలన సారాంశం కాదు. మరణాన్ని మరణమని చెప్పాలి. మరణించినవారు చేసిన పనిని వారి పేరు మీదనే చెప్పాలి. ఏడ్చేవారి ముఖాలు తగ్గించాలి. రుజువు లేనిదే దోషిని నిలబెట్టరాదు. ఈ నాలుగూ పాటించిన శోకం పద్యమైనా, సినిమా అయినా, కూడలిలో కట్టిన గుడ్డ అయినా గౌరవించదగినదే.

మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనట్లు తెలిసినప్పుడు, ఆ ఇంటివారికి వంట చేసుకొనే స్థితి లేదు గనుక వారికి అన్నం వండి పంపమని దైవప్రవక్త (స) చెప్పారు. ఈనాటికీ ముస్లిం వాడలలో చావు జరిగిన ఇంటికి పొరుగిళ్ల నుండి గిన్నెలు వెళతాయి. తాజియత్ అంటే బ్రతికి ఉన్నవారి వైపు తిరగడం. ఇనుప చట్రం ఎక్కి తిరిగి దిగిరాని కుర్రవాని తల్లికి, నటుని సానుభూతి సందేశం పత్రికలో వచ్చిన మరునాడు, ఏ పొరుగింటి నుండి గిన్నె వెళ్లింది? అభిమాన సంఘాలు అడగవలసిన ప్రశ్న ఇది. వారిని ఈసడించేవారు సైతం అడుక్కోవలసిన ప్రశ్న.